లైసెన్సు యంత్రమునకా? మనుష్యునకా?

వస్తువును వెలయిచ్చి కొన్నవాడు దానికి యజమానుడగునని లోకమున స్థిరపడిన నమ్మకము. బిందెను గొన్నవారు దానితో నీరు తెచ్చుకొనవచ్చును, కూతునకు సారెగా బెట్టవచ్చును, అక్కఱ తీరినచో అమ్ముకొనవచ్చును. అమ్మినవాడు మరునాడు వచ్చి, "ఈ బిందె మీరిప్పుడున్న వంటయింటిలో నున్నంతవఱకే మీది, ఇల్లు మారితిరేని మరల వెల చెల్లింపవలయును" అన్నచో వానిని పిచ్చివాడనియో మోసగాడనియో యందుము. కాని యిట్టి షరతునకే సమ్మతించి, సొమ్ము చెల్లించి, మనలో ననేకులు ప్రతిదినము వాడుకొనుచున్న వస్తువొకటి కలదు. అది కంప్యూటరులోని ఆపరేటింగ్ సిస్టమ్.

ఆపరేటింగ్ సిస్టమ్ అనగా యంత్రమును మేలుకొలిపి, దాని యవయవముల నన్నిటిని ఒక్క కట్టుబాటులో నుంచి, మన యాజ్ఞలను దానికి దెలియజేయు మూలకార్యక్రమము. అది లేని ల్యాప్‌టాప్ చమురు లేని దీపమువంటిది. మన యిండ్లలో నెక్కువగా గానవచ్చునది మైక్రోసాఫ్టు వారి విండోస్. అంగడిలో దానిని "కొంటి"మని మన మనుకొందుము. వెలయు జెల్లింతుము, పన్నును జెల్లింతుము. అయినను ఆ సంస్థవారి యొడంబడికలో వ్రాయబడియున్న మాట వేఱు: ఈ కార్యక్రమము అమ్మబడలేదు, దానిని వాడుకొనుటకు లైసెన్సు మాత్రమే యియ్యబడినది. ఆ యొడంబడికను మన మందఱమును "అంగీకరించితి"మని వ్రేలితో నొక్కి యంగీకరించినవారమే. చదివినవారము మాత్రము బహు కొలదిమంది.

ఈ లైసెన్సు ముఖ్యముగా రెండు విధములుగా మన చేతికి వచ్చును. మొదటిది, ల్యాప్‌టాప్ తయారుచేసినవారే అందులో నుంచి యమ్మునది. దీనిని వర్తకులు ఓ.ఇ.ఎమ్. లైసెన్సు అందురు. రెండవది, యంత్రముతో నిమిత్తము లేకుండ మనము విడిగా వెలయిచ్చి తెచ్చుకొనునది. దీనిని రీటెయిల్ లైసెన్సు అందురు. పాత ల్యాప్‌టాప్ పాడై క్రొత్తది కొన్న దినమున గాని యీ రెండింటికిని గల భేదము బయటపడదు. విడిగా గొన్న లైసెన్సును మన సొంతమైన వేఱొక యంత్రమునకు మార్చుకొనవచ్చును. మార్చిన ప్రతిసారియు పాత యంత్రమునుండి దానిని దొలగింపవలెను. యంత్రముతో వచ్చిన లైసెన్సు అట్టిది కాదు. అది యా యంత్రముననే పుట్టి, ఆ యంత్రముతోనే పోవును. 2012వ సంవత్సరమున విండోస్ 8 వెలువడినది మొదలు తయారీదారులు దాని తాళపుచెవిని, అనగా 25 అక్షరాంకముల గుర్తును, మదర్‌బోర్డు మీది చిప్పులోనే వ్రాసి పంపుచున్నారు. పూర్వమువలె యంత్రము క్రింద నంటించిన చీటిపై దానిని జదువుకొనుటకైనను వీలులేదు.

ఈ భేదమును వట్టి వర్తకసూక్ష్మమని తోసివేయరాదు. ఒక గృహిణిని ఊహింతము. ఆమె యింటనుండియే పిల్లలకు పాఠములు చెప్పి, రెండేండ్లు కూడబెట్టిన సొమ్ముతో విండోస్ గల ల్యాప్‌టాప్‌ను గొన్నది. ఒకనాడు విద్యుత్తు హెచ్చుతగ్గుల వలన మదర్‌బోర్డు కాలిపోయెను. బాగుచేయుటకగు ఖర్చును విని, ఆమె ఆపరేటింగ్ సిస్టమ్ లేని వేఱొక యంత్రమును దక్కువ వెలకు దెచ్చుకొన్నది. పాతది నిర్జీవమైనది, అందులోని విండోస్‌ను ఆమె గాని మఱియొకరు గాని వాడుట లేదు. "నేను వెలయిచ్చిన దానిని ఈ క్రొత్త యంత్రమున నేల వాడుకొనరాదు?" అని యామె యడుగును. "యంత్రముతో వచ్చినది యంత్రముతోనే పోయినది, మరల గొనుడు" అని నియమము బదులు చెప్పును. ఇంతలో అంగడివాడొకడు, "అంత ఖర్చేలనమ్మా! మూడు వందలిండు, నేను వేసియిచ్చెదను" అని దొంగప్రతిని జూపును. ఈ మూడు మాటల నడుమ ఆమె మనస్సాక్షి చిక్కుకొన్నది. ఆమె ప్రశ్నకు న్యాయమైన యుత్తర మేదియో విచారింతము.

లైసెన్సు యంత్రమునకు జెందినదన్నచో, ముందుగా యంత్రమనగా నేదియో తేలవలెను. మిలిందపఞ్హ అను పాళీ గ్రంథమున నాగసేన భిక్షువు మిలిందరాజును రథమును గూర్చి ప్రశ్నించిన సంవాదము ప్రసిద్ధము. చక్రము రథమా, ఇరుసు రథమా, నొగలు రథమా యని యొక్కొక్క యవయవమును ద్రోసివేయుచు బోగా, రథమను పేరే గాని అందులో రథమను వేఱొక పదార్థము కానరాదని యచ్చట తేలినది. లైసెన్సు వ్రాసినవారు ఇంత దూరము పోలేదు. జ్ఞాపకశక్తినిచ్చు చిప్పులను మార్చినను, డిస్కును మార్చినను, బ్యాటరీని మార్చినను అది పాత యంత్రమే. మదర్‌బోర్డును మార్చినచో క్రొత్త యంత్రము. లోపము గలిగిన బోర్డును దీసివేసి తయారీదారే దానికి బదులు వేఱొకటి యమర్చినయెడల మాత్రము పాత లైసెన్సు నిలుచును. ఎచ్చటనో యొకచోట గీత గీయక తప్పదు గనుక ఈ నిర్ణయమును దప్పుపట్టలేము. కాని ఆ గీతను గీచినవాడు అమ్మువా డొక్కడే యనియు, కొనువాడు దానిని జూచునది యంత్రము చెడిన పిమ్మటనే యనియు మనము మఱవరాదు.

ఇందు మఱియొక విచిత్రము గలదు. యంత్రముతో వచ్చిన లైసెన్సును యంత్రముతో గూడ నితరులకు బదిలీచేయవచ్చును. తండ్రి తన ల్యాప్‌టాప్‌ను కుమారున కిచ్చినచో లైసెన్సును వాని వెంట బోవును. అనగా మనిషి మారవచ్చును, యంత్రము మారరాదు. మన గ్రామములలో పూర్వముండిన సేవా ఇనాముల పద్ధతి యిట్టిదే. ఆ భూమి మనిషిది కాదు, ఉద్యోగమునది. ఉద్యోగి మారినచో భూమి యనుభవము క్రొత్తవానికి బోవును. ఉద్యోగము వదలినవాడు ఎన్ని యేండ్లు దున్నినను, ఎంత యెరువు వేసినను, దానిని దనవెంట గొనిపోజాలడు. అనుభవము వేఱు, స్వామ్యము వేఱు అను సంగతి మన పెద్దల కెఱుకయే. అయితే ఒక ముఖ్యమైన తారతమ్యము కలదు. ఇనాముదారు భూమిని వెలయిచ్చి కొన్నవాడు కాడు. సేవకు బదులుగా దానిని బొందినవాడు. మన గృహిణి యన్ననో వెల చెల్లించినది. సేవకు ముడివడిన హక్కు సేవతో ముగియుట న్యాయము. సొమ్మునకు ముడివడిన హక్కు యంత్రము కాలిపోగానే ముగియుట యంత సులభముగా న్యాయమనిపించుకొనదు.

తయారుచేసినవారి పక్షమున జెప్పదగిన మాటయు లేకపోలేదు. కుండ పగిలినచో అందులోని నీటిని వేఱొక కుండలోనికి వంచుకొందుము. వంచిన పిదప మొదటి కుండ ఖాళీ యగును. కార్యక్రమముల స్వభావ మట్టిది కాదు. ఒక యంత్రమునుండి మఱియొక యంత్రమునకు వంచినను మొదటిది నిండుగనే యుండును. అది దీపమునుండి దీపమును వెలిగించుట వంటిది. వెలిగించినకొలది వెలుగు పెరుగునే గాని తరుగదు. విద్య యిచ్చినకొలది పెరుగునని చెప్పుకొనుటకు నిది సొంపుగానే యుండును. కాని యా దీపమును మొదట సిద్ధపఱచుటకు వేలకొలది శిల్పులు ఏండ్ల తరబడి శ్రమించియుందురు. ఒక్క ప్రతికి వెలయిచ్చి నూఱు యంత్రముల వెలిగించుకొన్నచో ఆ శ్రమకు గూలి యెవరిచ్చెదరు? యంత్రములతో గలిపి యొక్కమాఱు పెక్కు ప్రతుల నిచ్చునపుడు తక్కువ వెలకు నీయగలమనియు, ఆ ప్రతుల మంచిచెడ్డలు తయారీదారే చూచుకొనుననియు వారు చెప్పెదరు. తక్కువ వెలకు దక్కువ హక్కు అనునది తనంతట నన్యాయము కాదు. రైలులో రెండవ తరగతి టిక్కెట్టు కొన్నవాడు మొదటి తరగతిలో గూర్చుండ గోరడు. కాని తాను గొన్నది యే తరగతి టిక్కెట్టో వానికి ముందుగా దెలిసియుండవలెను.

న్యాయస్థానములును ఈ ప్రశ్నతో చిరకాలముగా బెనుగులాడుచున్నవి. అమెరికాలో ఒక ప్రచురణకర్త తన నవలలో "దీనిని ఒక డాలరునకు దక్కువగా నమ్మరాదు" అని యచ్చువేయింపగా, ఒక పెద్ద యంగడివారు 89 సెంట్లకే యమ్మిరి. 1908లో ఆ దేశపు సుప్రీంకోర్టు అంగడివారి పక్షమునే తీర్పు చెప్పినది: ఒకసారి యమ్మిన ప్రతిపై ప్రచురణకర్త కట్టడి ముగిసినది. ఆ దేశముననే 2010లో, కార్యక్రమముల విషయమున వేఱొక పై కోర్టు భిన్నముగా బలికినది: తయారీదారు లైసెన్సనియే చెప్పి, చేతులు మారుటకును వాడుకకును గట్టి నిర్బంధములు విధించియున్నచో, చేతబట్టుకొన్నవాడు యజమానుడు కాడు. జర్మనీ యత్యున్నత న్యాయస్థానము 2000లో, యంత్రములతో గలిపి యమ్మవలసిన విండోస్ ప్రతులను విడిగా నమ్మిన వర్తకుని దోషిగా నెంచలేదు. యూరోపు సమాఖ్య న్యాయస్థానము 2012 జూలై 3న ఇంకను ముందునకు బోయి, కాలపరిమితి లేని లైసెన్సును వెలకిచ్చినచో అది విక్రయమే యనియు, కొన్నవాడు దానిని మఱియొకని కమ్మవచ్చుననియు దీర్పు చెప్పినది. అయితే అమ్మినవాడు తన యంత్రములోని ప్రతిని నిరుపయోగము చేయవలెనని యా తీర్పుననే విధించినది. హక్కును బాధ్యతను ఒక్క కాడికి గట్టిన యీ మాటను జదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక.

మన దేశమున ఈ ప్రశ్న పన్నుల దారిని వచ్చినది; అదియును ఆంధ్రప్రదేశ్ నుండియే వచ్చినది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థకును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును నడిచిన వ్యాజ్యమున, డిస్కులలో నుంచి యమ్ము కార్యక్రమములు సరకులే యనియు, వానిపై అమ్మకపు పన్ను వేయవచ్చుననియు 2004లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము తీర్పిచ్చినది. 2021 మార్చి 2న ఆ న్యాయస్థానమే, విదేశ తయారీదారులకు మనవారు చెల్లించు కార్యక్రమముల వెల కాపీరైటునకు రాయల్టీ కాదనియు, అది సరకు వెలవంటిదే యనియు నిర్ణయించినది. ఇవి పన్ను తీర్పులే గాని లైసెన్సు బదిలీని గూర్చిన తీర్పులు కావు. వీనిని జూపి మన గృహిణికి హక్కు కలదని వాదించుట తగదు. కాని యొక నైతిక ప్రశ్న వీనినుండి పుట్టకపోదు. పన్ను వేయునపుడు సరకు, వాడుకొనువాడు హక్కు అడిగినపుడు వట్టి యనుమతి: ఒకే వస్తువు ఈ రెండు వేషములు వేయుచుండగా, రెండింటి ఖర్చును భరించువాడు సామాన్యుడే కదా!

నా యభిప్రాయమున నిచ్చట న్యాయమునకు మూలసూత్రము "ఒక వెలకు ఒక వాడుక" అనునది. వెల యిచ్చినది మనిషి. లోహపు పలక కాదు. మాట యిచ్చినది మనిషికే; పలక మాట వినజాలదు. కావున పలక కాలిపోయినను మాట మిగిలియుండుట ధర్మము. అట్లే ఒక వెలకు రెండు వాడుకలు గోరుట యధర్మము. పాత యంత్రమున నుంచుకొని క్రొత్త యంత్రమునను వేసికొని, "నేను కొన్నదే గదా" యనువాడు కుండను ఖాళీచేయకయే నీరు వంచితినని చెప్పువాడు. అతడు తాను నిందించు వర్తకునికంటె మేలైనవాడు కాడు.

ఈ సూత్రమును బట్టి చూచినచో మన గృహిణి యడిగిన దానిలో ధర్మము కలదు. ఆమె ఒక వెల యిచ్చినది. ఒక వాడుకనే యడుగుచున్నది. కొనునాడే "ఇది యీ యంత్రమునకు మాత్రమే; అందుచేతనే వెల తగ్గించితిమి" అని యామె యెఱుక పఱచియున్నచో ఆమె సమ్మతించియే కొన్నట్లు; నష్టము కష్టమే గాని యన్యాయము కాదు. ఎఱుక పఱచకున్నచో ఆ విక్రయమున లోపము కలదు. ఎవ్వరును జదువని పుటల నడుమ దాచిన మాటను జెప్పిన మాటగా నెంచరాదు.

అట్లయినను ఆ లోపము దొంగప్రతిని ధర్మము చేయజాలదు. మనకు బాకీపడినవాని యింట దొంగిలించి తెచ్చి మన చేతిలో బెట్టినవాడు ఆ బాకీ తీర్చినవాడు కానేరడు. ఆ యంగడివాడు ఆమె గోల్పోయిన దానిని దిరిగి యిచ్చుట లేదు. తనది కాని దానిని ఎదుట నిలిచిన ప్రతివానికి నమ్ముచున్నాడు, ఎన్నడును వెలయే యియ్యనివానికి గూడ. పైగా కట్టుదిట్టములు త్రెంపిన యట్టి ప్రతిలో మఱేమి జొప్పింపబడినదో యెవరికెఱుక? ఆమె బ్యాంకు లెక్కలును, పిల్లల వివరములును ఆ యంత్రముననే యుండును. అన్యాయము పొందినవారికి ఫిర్యాదు చేయు హక్కు కలదు, మరల ఆ సరకును గొనకుండు హక్కు కలదు, మేలైన నియమమును గోరు హక్కు కలదు. ఇవి నెమ్మదిగా నడచు మార్గములే. అంతమాత్రమున నిష్ఫలములు కావు.

గృహములయందు బాటింపదగిన జాగ్రత్తలు కొన్ని గలవు. యంత్రము బాగున్నప్పుడే లైసెన్సు ఏ జాతిదో తెలిసికొనవలెను. ఆజ్ఞలు వ్రాయు చోట లైసెన్సు వివరమును గోరినచో రీటెయిల్ అనియో ఓ.ఇ.ఎమ్. అనియో యంత్రమే చెప్పును. విడిగా గొన్నదైనచో 25 అక్షరాంకముల తాళపుచెవిని, బిల్లును భద్రముగా దాచుకొనవలెను. 2016 నుండి విండోస్ 10 లైసెన్సును మైక్రోసాఫ్టు ఖాతాతో ముడివేయుట సాధ్యమైనది. ఆ ముడి ముందుగానే వేసికొన్నవారికి యంత్రము మారినపుడు తమ లైసెన్సును నిరూపించుకొనుట సులభము. క్రొత్త యంత్రమున వేసికొనుటకు ముందు పాతదానినుండి తాళపుచెవిని దొలగింపవలెను. మఱియొక సంగతి: విండోస్ 10నకు ఉచిత సంరక్షణము 2025 అక్టోబరు 14తో సాధారణముగా ముగిసినది, విండోస్ 11 అన్ననో టీ.పీ.ఎమ్. 2.0 అను రక్షణసాధనము లేని పాత యంత్రములకు దగదు. కావున లైసెన్సు చేతనున్నను యంత్రము చాలకపోవచ్చును. రెండును సరిచూచుకొనియే సొమ్ము వెచ్చింపవలెను.

ఈ చిక్కులేవియు లేని మార్గ మొకటి కలదు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అను నుద్యమమును బ్రకటించెను. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అను మూలభాగమును వెలువరించెను. ఈ రెండింటి కలయికవలన బుట్టిన ఆపరేటింగ్ సిస్టమ్‌లను ఎన్ని యంత్రములందైన వేసికొనవచ్చును, పంచిపెట్టవచ్చును, మార్చి దిద్దుకొనవచ్చును. దీనిని దెలుగులో వాడుకకు దెచ్చుటకై మన హైదరాబాదున "స్వేచ్ఛ" సంస్థవారు కృషిచేసిరి. ఇచ్చట యంత్రమా మనిషియా యను తగవే లేదు. దీపమునుండి దీపము ధర్మముగనే వెలుగును. అయినను ఇది శ్రమలేని మార్గమని భ్రమపడరాదు. అలవాటు మార్చుకొనవలెను, విండోస్ కొఱకు మాత్రమే చేసిన కొన్ని లెక్కల కార్యక్రమములు ఇందు నడువకపోవచ్చును. పాఠములు చెప్పుకొనుటకు, ఉత్తరములు వ్రాసికొనుటకు మాత్రమే యంత్రమును వాడు గృహములకు నిది చాలును. మన గృహిణికి జాలును.

చదువరులారా, పిల్లలు మనము చెప్పు నీతులకంటె మనము కొను పద్ధతిని జాగ్రత్తగా జూచుచుందురు. తండ్రి దొంగప్రతిని వేయించి "ఇందేమి తప్పు?" అని నవ్వినచో, మరునాడు పరీక్షలో చీటి చూచి వ్రాసిన కుమారునకు ఆయన చెప్పదగిన మాట యుండదు. అట్లని అమ్మువాడు విధించిన ప్రతి షరతునకును దలవంచుటయే సత్ప్రవర్తన మనుకొనుటయు బొరపాటే. యజమానుడనని నమ్మి వట్టి యనుభవదారుగా మిగులుటకంటె, ముందుగా నడిగి తెలిసికొనుట మేలు. ఇకమీద ల్యాప్‌టాప్ కొనబోయినపుడు దాని రంగును బరువును విచారించుటకు ముందు అంగడివానిని ఒక్క ప్రశ్న యడుగుడు: "ఈ లైసెన్సు యంత్రమునకా, నాకా?" వాడు చెప్పిన బదులును బిల్లు మీదనే వ్రాయించుకొనుడు. నూఱుమంది యడిగిననాడు వర్తకుడు బదులు నేర్చుకొనును. వేలకొలది యడిగిననాడు ఆ బదులు పెట్టెమీదనే పెద్ద యక్షరములతో నచ్చువేయబడును.